బాకా వాయించేవాడి కోటు

శ్రీమతి గారికి,

ఇక్కడ నేనూ, నా కత్తెరా, వెళ్తూ వెళ్తూ నువ్వు నాకు అప్పజెప్పిన పూలకుండీలూ క్షేమం. అక్కడ నువ్వు, మీ తమ్ముడు, అతనికి కొత్తగా వేసిన మోకాలు, ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మీ తమ్ముడు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. మోకాలు నొప్పిలో ఆ మాత్రం కాలక్షేపం ఉండాలి. ఫోన్లో నాకు నీ మాట సగమే వినబడుతుంది, మిగతా సగం వాళ్లింట్లో టీవీ మాట్లాడుతుంది. అందుకే ఉత్తరం రాయమన్నాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. వేళకి తింటున్నారా అన్నావు. తింటున్నాను. వండుకుంటున్నారా అని అడగలేదు కనుక దానికి జవాబు రాయనక్కర్లేదు. కుళాయి బాగు చేయించారా అన్నావు. చేయించాను. ఇప్పుడు కారడం మానేసి ఈల వేస్తోంది. దుకాణం తలుపు రోజూ తెరుస్తున్నాను. మీ తమ్ముడికి పంపిన స్వెట్టరు పార్సిల్ గురించి కూడా అడిగావు, దానికి జవాబు కింద ఎక్కడో రాస్తాను. ముందు ఒక కోటు సంగతి చెప్పాలి. అది వచ్చినప్పటినుంచీ నా బుర్రంతా ఆ కోటుతోనే తికమకగా ఉంది.

నువ్వు ఊరెళ్లిన వారానికి ఒక అమ్మాయి వచ్చింది. ఫొటోలు తీయడం ఆమె పని. మెడలో కెమెరా, చేతిలో సంచీ. సంచీలోంచి ఒక కోటు తీసి బల్లమీద పరిచింది. చూడగానే నాకు నవ్వొచ్చింది. మన కుర్రతనంనాటి కోటు. చాక్లెట్ రంగు ఉన్ని గుడ్డ, ఛాతీమీద మడిచిన లాపెల్ రెక్కలు దాదాపు భుజాల దాకా పరుచుకుని ఉన్నాయి. నడుం దగ్గర బిగుతు, అక్కణ్ణించి కిందికి గంటలాగా విచ్చుకోవడం, వెనకాల రెండు పొడుగాటి చీలికలు, ఏటవాలు జేబులు. లోపలి అస్తరు మాత్రం పండు మిరపకాయ ఎరుపు. పైకి పెద్దమనిషి, లోపల సర్కస్.

“ఇది మా తాతయ్యది మాస్టారూ. చేతులు కాస్త పొట్టి చేస్తే చాలు, నేనే వేసుకుంటాను” అంది.

“మగాళ్ల కోటమ్మా ఇది” అన్నాను.

“తెలుసు. అందుకే కావాలి. ఆడవాళ్ల కోట్లకి జేబులు పెట్టరు కదా, పెట్టినట్టు కుట్టి మోసం చేస్తారు.”

కోటు ఉంచుకున్నాను.

ఇప్పటి పిల్లలకి ఆ కాలం కోట్లంటే ఎందుకింత మోజో నాకు అర్థం కాదు. అప్పుడు మనమే వాటిని చూసి నవ్వుకునేవాళ్లం. అంతకుముందు లాపెల్ రెండు వేళ్ల వెడల్పు, టై తాడు ముక్కంత. ఏమైందో ఏమో, ఒక్కసారిగా అన్నీ వెడల్పయిపోయాయి. కాలర్లు, టైలు, పంట్లాం అంచులు, చివరికి చెంపలమీద వెంట్రుకలు కూడా. గాలొస్తే ఈ లాపెళ్లతో మనిషి ఎగిరిపోతాడేమో, జేబులో రాళ్లేసి పంపండి అనేదానివి. ఆ తర్వాత భుజాల్లో దిండ్లు పెట్టే కాలం వచ్చింది, ప్రతి గుమస్తా కుస్తీ వస్తాదులాగా కనబడ్డాడు. ఇవన్నీ నాకు నిన్నటిలాగా గుర్తే. గుర్తే అని ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

చేయి పొట్టి చేయాలంటే అస్తరు విప్పాలి కదా. విప్పాను. విప్పి, స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను. ఏం పనితనం! ఇప్పుడైతే ఛాతీ లోపల జిగురు రాసిన గుడ్డ పెట్టి ఇస్త్రీతో అంటించేస్తారు, రెండు ఉతుకులకి బుడగలొస్తాయి. ఇందులో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు. దాన్ని లాపెల్‌కి చేత్తో పట్టించిన కుట్లు చీమల బారులాగా ఉన్నాయి, ఒక్క చీమ కూడా దారి తప్పలేదు. పైకి ఒక్క కుట్టు కనబడదు. లాపెల్ దానంతటదే మెత్తగా దొర్లి పడుకుంటుంది.

అంతకన్నా వింత చంక దగ్గర ఉంది. చంక బాగా పైకి కోసి, చేతికి వెనకవైపు రవ్వంత గుడ్డ ఎక్కువ వదిలాడు. మామూలు కోటు వేసుకుని చేతులెత్తితే కోటంతా పైకి లేచి కాలరు చెవులకి తగులుతుంది. ఈ కోటు తొడుక్కుని అద్దం ముందు చేతులెత్తాను. కాలరు కదల్లేదు. ఎవడో మహానుభావుడు, వేసుకునేవాడు చేతులెత్తే మనిషని తెలిసి కుట్టాడు.

మర్నాడు ఆ అమ్మాయిని అడిగాను. “మీ తాతయ్య ఏం చేసేవారమ్మా?”

“హోటల్ బ్యాండులో బాకా వాయించేవాడు.”

చూశావా? బాకా ఎత్తి వాయిస్తే కోటు ఎత్తుకోకూడదని ఆ ఏర్పాటు. నేను ఆ కోటుని పొగడ్డం మొదలుపెట్టి ఆపలేదు. అంతా విని ఆమె అంది, “కుట్టినాయన ఎవరో కనుక్కుంటారా మాస్టారూ? లోపల పేరు పట్టీ లేదు, మెడకి గుచ్చుకుంటోందని తాతయ్యే పీకేశాడట. ఆయన ఇంకా ఉంటే నాకోసం ఇంకొకటి కుట్టించుకుంటాను.”

నీకు కాక ఎవరికి చెప్పుకోను? నాకు కడుపు మండింది. ఎదురుగా ఇన్నేళ్ల కోటు మాస్టర్ని ఉంటే వేరేవాడి అడ్రసు అడుగుతుందా? కానీ నిజం ఒప్పుకోవాలి కదా. ఇలాంటి భుజం నేను జన్మలో కుట్టలేదని అనుకున్నాను. ఈ వయసులో ఇంకొకడి పనిమీద అసూయ పుట్టడం సిగ్గుచేటు. అసూయతోపాటు వాణ్ణి చూడాలన్న కోరికా పుట్టింది. కోటు సంచీలో పెట్టుకుని బయల్దేరాను.

ముందు గుండీల దుకాణానికి వెళ్లాను. కోటుకి తోలు అల్లిన గుండీ ఒకటి ఊడిపోయింది, ఎలాగూ దానికి జత కావాలి. ముసలాయన కళ్లజోడు నుదుటిమీదికి తోసి కోటు చూశాడు.

“ఇది ఎవరి చేతిపనో చెప్పగలరా?” అన్నాను.

“ఏం మాస్టారూ, పొద్దున్నే పరాచికాలా?”

“పరాచికం కాదండీ. మీకు తెలిసే ఉంటుంది.”

“మీకు తెలీదా? అయితే నాకూ తెలీదు” అని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో నాకు తెలియలేదు. అడిగితే చిన్నతనమని ఊరుకుని, గుండీ తీసుకుని బయటికొచ్చాను. అక్కణ్ణించి ఇల్లు చేరడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ సంగతి తర్వాత.

ఇక మిగిలింది మన పొట్టి మాస్టరు. మేమిద్దరం కుర్రతనంలో ఆ పెద్ద టైలరు దుకాణంలో ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి కత్తెర పట్టినవాళ్లం కదా. కత్తిరించడంలో నాకు పోటీ అంటే అతనొక్కడే. ఒకవేళ ఇది అతనే కుట్టాడేమో, ఆ సంగతి ఇన్నాళ్లూ నా దగ్గర దాచాడేమో అని కూడా అనుమానం వచ్చింది. ఇప్పుడు కొడుకు దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. కోడలు టీ ఇచ్చింది. కోటు తీసి అతని ఒళ్లో పెట్టాను.

లోపలా బయటా తిప్పాడు, లాపెల్ వేళ్లతో నలిపి వదిలాడు, చంకలో చెయ్యి పెట్టి చూశాడు. అప్పుడు కళ్లజోడు పైనించి నన్ను చూశాడు.

“సొంత డబ్బా కొట్టుకోడానికి మూడంతస్తులు ఎక్కి రావాలా? కిందనించి కేకేస్తే ఇక్కణ్ణించే పొగిడేవాణ్ణిగా.”

“డబ్బా ఏమిటి? ఎవరు కుట్టారో చెబుతావని తెచ్చాను. నువ్వేనేమో అనుకున్నా.”

నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. టీ కప్పు కింద పెట్టేశాడు.

“గుండీల కాజాలు చూశావా?”

“చూశాను. బాగున్నాయి.”

“బాగున్నాయని చెప్పమన్నానా? వేలితో చూడు.”

మొదటి కాజా అంచున బొటనవేలు ఆనించి నెమ్మదిగా జరిపాను. దారం వాలు అందరి కాజాల్లా లేదు, ఎదురు దిక్కుకి వాలి ఉంది. ఎడమచేత్తో కుట్టినది. చివర్న ముడి లోపలికి తిప్పి దాచింది. నేను ఆలోచించలేదు, నోరే అంది.

“ఇవి మా ఆవిడవి.”

“కదా? మీ ఆవిడ నాకు ఎప్పుడైనా కాజాలు కుట్టిందా?”

“లేదు.”

“బతిమాలితే ఏమంది?”

“మా ఆయన కోట్లకి తప్ప కుట్టను అంది.”

“మరి?”

నా బొటనవేలు కాజామీదే ఉంది. అతను నా వంక చూస్తున్నాడు. నేను కోటు వంక చూస్తున్నాను. చివరికి “మరి?” అని నేనూ అన్నాను.

నీ చేయి నాకు తెలిసింది. నా చేయి నాకు తెలియలేదు. ఇది రాసి, కలం పక్కన పెట్టి, ఇంట్లో అటూ ఇటూ తిరిగి వచ్చాను. ఇప్పటికీ దీనికి తలా తోకా దొరకడం లేదు.

పొట్టి మాస్టరు అప్పుడు అంతా చెప్పాడు. ఆ బాకా ఆయన మన పెద్ద దుకాణానికే వచ్చాడట. ట్రయల్ రోజున, చంక ఎక్కడ పడుతుందో సుద్దతో గీయాలి, వాయిస్తేగానీ తెలియదు అని నేను పట్టుబట్టానట. ఆయన దుకాణం మధ్యలో నిలబడి బాకా వాయించాడట. వీధంతా మూగిందట. యజమాని మేడమీంచి పరుగెత్తుకొచ్చి, నన్ను తిట్టబోయి, పాట బాగుందని కూర్చుండిపోయాడట. నువ్వు కాజాలు కుట్టిన గుడ్డ ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో ఇరుక్కుని, జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ లోపలికి వచ్చావట. “ఆ రోజునుంచి ఏడాది పాటు నిన్ను బాకా మాస్టరు అన్నాం కదరా!” అన్నాడు. అవునవును అని తలూపాను. బాగా ఊపాను. కానీ నా లోపల ఏమీ కదల్లేదు. ఇంకెవరి ఇంట్లోనో జరిగిన ముచ్చట వింటున్నట్టుంది.

నలభై ఏళ్ల కిందటి కోటు మర్చిపోతే తప్పేమిటండీ, వందల కోట్లు కుట్టారు అంటావు. అదే నేనూ అనుకున్నాను. పొట్టి మాస్టరు మాత్రం అలా అనుకోలేదు. ఎవరొచ్చినా గుమ్మం దాటి సాగనంపని మనిషి, మూడంతస్తులూ నాతో దిగి బస్టాపు దాకా వచ్చాడు. బస్సెక్కించి, కండక్టరుకి ఏదో చెప్పాడు. దిగాల్సిన చోట కండక్టరు నన్ను పేరుపెట్టి పిలిచి దింపాడు.

సరే. ఇప్పుడు పార్సిల్ సంగతి. ఒకే రంగు స్వెట్టర్లు రెండు, వారం తేడాతో, ఎందుకు పంపారని కదా అడిగావు. మీ తమ్ముడికి ఒకటి ఉతుక్కీ ఒకటి కట్టుకీ అని రాయబోయాను. చక్కగా అతికే అబద్ధమే. కానీ నిజం ఏమిటంటే, మొదటిది పంపిన సంగతి నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నీ ఉత్తరం చూసే తెలుసుకున్నాను.

ఇదొక్కటే అయితే నీకు రాసేవాణ్ణి కాదు. గుండీల దుకాణం నుంచి ఆలస్యమైంది అన్నానే, ఆ రోజు మలుపు దగ్గర నిలబడిపోయాను. మనం రోజూ తిరిగే మలుపే. బూట్లు బాగుచేసే అతను అక్కడే కూర్చున్నాడు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎటు తిరిగితే ఇల్లు వస్తుందో మాత్రం తోచలేదు. భయం కూడా వెంటనే వేయలేదు. తాళంచెవి కోసం జేబు తడుముకున్నట్టు, వెతికితే దొరుకుతుందిలే అనుకుంటూ నిలబడ్డాను. చివరికి బూట్లతను “ఏం మాస్టారూ, ఇంటికేనా?” అని ఎడమవైపు చూశాడు. అతను చూసిన వైపు నడిచాను. భయం ఇంటికొచ్చాక వేసింది.

నువ్వు ఇక్కడ ఉండగానే ఒకటి జరిగింది. పోస్టాఫీసు పెద్దాయన కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. గుడ్డలో మచ్చ ఉందని మిల్లుమీద నెపం పెట్టి కొత్త గుడ్డ తెప్పించాను. నువ్వు నమ్మావు. నమ్మావో, నమ్మినట్టు ఊరుకున్నావో. ఈమధ్య నీ చూపు నా కత్తెరతో పాటే తిరుగుతోందని నాకు అనిపించేది. బహుశా నీకు నాకన్నా ముందే తెలుసేమో. నీకు తెలుసా? తెలిసీ తమ్ముడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందా? ఇది నింద కాదు, నిజంగా తెలియక అడుగుతున్నాను.

ఇంకొకటి. ఉత్తరాలు రాయమన్నది టీవీ మోతకి కాదు. ఫోన్లో నువ్వు చెప్పిందేదో, నేను అడిగిందేదో పెట్టేయగానే కలిసిపోతున్నాయి. అడిగిందే మళ్లీ అడుగుతున్నానని నీ గొంతులో తెలుస్తుంది, నువ్వు కోప్పడకుండా జవాబు చెబుతావు, అది ఇంకా కష్టంగా ఉంటుంది. ఉత్తరమైతే పైకి చూసుకోవచ్చు. కుళాయి బాగైందని పైన రాశానా? ఇప్పుడే చూసుకున్నాను, రాశాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. నీతో చెప్పకుండా వెళ్లినందుకు కోప్పడకు. చిన్న వయసావిడ, నెమ్మదిగా మాట్లాడింది. గడియారం బొమ్మ గీయమంది. గీత బాగా వచ్చింది, గుండ్రాలు గీయడం నాకు కొత్తా? అంకెలు మాత్రం అన్నీ ఒకవైపుకే చేరిపోయాయి. ఆవిడ ఏ రోగం పేరూ చెప్పలేదు. కొన్ని పరీక్షలు రాసి, “ఈసారి ఇంట్లోవాళ్లని తీసుకురండి. మీకు తెలియనివి వాళ్లకి తెలుస్తాయి” అంది. ఈ వయసులో క్లాసు టీచరు పెద్దవాళ్లని పిలుచుకు రమ్మన్నట్టుంది అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వించడం ఇంకా మర్చిపోలేదు.

నిన్న ఆ ఫొటోల అమ్మాయి కోటుకోసం వచ్చింది. చేతులు పొట్టి చేసి, గుండీ కుట్టి, ఇస్త్రీ పెట్టి ఉంచాను. పని తిన్నగానే చేశాను, ఒక్కొక్క కుట్టూ రెండుసార్లు చూసుకున్నాను. వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. తర్వాత అడిగింది.

“ఎవరు కుట్టారో తెలిసిందా?”

“తెలిసిందమ్మా.”

“ఎవరు?”

“నేనేనట.”

నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపింది. ట్రయల్ అద్దం పక్కనున్న కుర్చీలో కూర్చుని, “అంటే ఏంటి మాస్టారూ?” అంది. నీకు రాసినదాంట్లో సగం ఆమెకి చెప్పాను. పరాయి పిల్లకి ముందు చెప్పి నీకు తర్వాత చెబుతున్నాను, దానికి నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. పరాయివాళ్లకి చెప్పడం ఎందుకో తేలిక. ఆమె జాలి మాటలేమీ అనలేదు. కాసేపు అస్తరు అంచు సవరించుకుంటూ కూర్చుంది.

“అయితే ఇంకొకటి మీరే కుట్టాలి కదా” అంది.

“నేను రెండు ఎడమ చేతులు కత్తిరిస్తానమ్మా.”

“ఇంట్లో ఇంకెవరూ లేరా చూసిపెట్టడానికి?”

“ఉంది. ఊళ్లో లేదు. వచ్చాక చెబుతాను” అన్నాను. ఆమె సరేనని వెళ్లింది.

రాత్రికి రాత్రే నిర్ణయాలు వద్దని నువ్వు ఎప్పుడూ అంటావు కనుక పొద్దున్నదాకా ఆగాను. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వచ్చాక బల్లకి అవతలివైపు నిలబడతావా? గుడ్డ నేను పరుస్తాను, సుద్ద నేను గీస్తాను. కత్తెర పెట్టేముందు ఇది కుడి, ఇది ఎడమ అని పైకి చెబుతాను. తప్పయితే నువ్వు ఆపు. తిట్టి ఆపినా సరే. అలా ఎన్నాళ్లు సాగుతుందో నాకు తెలియదు. నువ్వు వద్దంటే కత్తెర తీసి లోపల పెట్టేస్తాను, నీ మాటకి ఎదురు చెప్పను. ఏది సరైనదో నాకు తోచడం లేదు. ఇన్నేళ్లలో ఇలా తోచకపోవడం నాకు ఇదే మొదలు.

డాక్టరు దగ్గరికి కూడా నీతోనే వెళ్తాను. మన అమ్మాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించు, నేను చెబితే నవ్విస్తూ చెబుతాను, అది నమ్మదు.

మీ తమ్ముడు కర్ర లేకుండా నడిచాకే బయల్దేరు. తొందరేం లేదు. నేను బాగానే ఉన్నాను.

ఉత్తరం మొదటినుంచీ ఒకసారి చదువుకున్నాను. అన్నీ నిజాలే రాశాను, పైన “తొందరేం లేదు” అన్న మాట తప్ప. మీ తమ్ముణ్ణి క్షమించమని చెప్పు. తొందరగా రా.

ఇట్లు,
మీ ఆయన